అన్నయ్య చేతి మీద మచ్చ

కొన్నేళ్ళ పాటు ఒక అబద్ధాన్ని మోశాను. మోశాను అనడం కూడా కొంచెం గొప్పకు పోవడమే. బరువు మోసేవాడికి భుజం నొప్పి పుట్టాలి. నాకు దండలు వేశారు, శాలువాలు కప్పారు, రేపల్లె నుంచి బాపట్ల దాకా ఏ సభకు వెళ్ళినా ముందు వరసలో కుర్చీ వేశారు. నొప్పి పుట్టింది వేరే మనిషికి. ఆ మనిషి మా అన్నయ్య.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకు చెబితే రెండే రకాలుగా వింటారు. మా చుట్టాలైతే "చూశావా, అదంతా నాటకమని మేం అప్పుడే అన్నాం" అని చంకలు గుద్దుకుంటారు. మా సంఘంవాళ్ళైతే "ఊరుకో బ్రదర్, సైతానుకు సందివ్వకు" అని నోరు నొక్కేస్తారు. ఇద్దరికీ ముందే చెప్పేస్తున్నాను. నా విశ్వాసం దొంగది కాదు. నా సాక్ష్యం దొంగది. ఈ రెండింటినీ కలిపి కట్టగట్టి నా మొహాన కొట్టాలనుకునేవాళ్ళు ఇక్కడే చదవడం ఆపేయొచ్చు.

మాది పిట్టలవానిపాలెం మండలంలో ఒక ఊరు. పేరెందుకు లెండి. తాతల నాటి నుంచి వరి పొలం. నాన్న పోయాక అన్నయ్యా నేనూ కలిసే చేసుకున్నాం. అన్నయ్యకు పెళ్ళయింది. నాకు కాలేదు. ఎవరూ చూడక కాదు. రేపల్లెలో చూశారు, జంపని దగ్గర చూశారు, తెనాలిలో చూశారు. అన్నిచోట్లా అదే జీడిపప్పు ఉప్మా, అదే ప్రశ్న.

"అబ్బాయి ఏం చేస్తుంటాడండి?"

"వ్యవసాయమండి."

ఆ మాట తర్వాత ఇంట్లో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినబడేది. పొలం ఎంత ఉందో అడిగేవాళ్ళు, ఆ పొలంలో దిగేవాడు మాత్రం వాళ్ళకు వద్దు. హైదరాబాదులో ఇరుకు గదిలో అద్దెకుండి కంప్యూటరు ముందు కూర్చునేవాడైతే కళ్ళకద్దుకుంటారు. మా ఊళ్ళో నా ఈడువాళ్ళు ఇంకా కొందరున్నారు, తల దువ్వుకుని పెళ్ళిచూపులకు తిరుగుతూ. నేను వాళ్ళను ఎగతాళి చేయను. ప్రతిసారీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, వద్దనిపించుకుని, అదే చొక్కాతో బస్సెక్కి రావడం ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అప్పుడు మరియమ్మత్త నాతో మాట్లాడింది. మా పొలంలో నాట్లు వేసే ఆడవాళ్ళ ముఠాకు ఆమె మేస్త్రి. కాలువ అవతల పేటలో ఇల్లు. మా అమ్మ వయసు మనిషి. అయినా మేం పిల్లలుగా ఉన్నప్పటి నుంచీ ఆమెను పేరుపెట్టి పిలిచేవాళ్ళం, ఆమె మమ్మల్ని బాబూ అనేది. అందులో తప్పుందని నాకు తోచడానికి బాప్తిస్మం దాకా పట్టింది. ఇప్పుడు అత్తా అంటాను. ఆ రోజుల్లో మరియమ్మే.

నేను గట్టు మీద మొహం వేలాడేసుకుని కూర్చుంటే వచ్చి, ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఒక బైబిలు చేతిలో పెట్టింది. పెట్టే ముందు కళ్ళకద్దుకుంది. అది ఆమె భర్తది. ఆయన రోజూ చదివి వినిపించేవాడట. ఆయన పోయాక వినిపించేవాళ్ళు లేరు, ఆమెకు చదువు రాదు. "ఊరికే గూట్లో పెట్టుకుని ఏం చేసుకోను బాబూ, నువ్వన్నా చదువుకో" అంది.

తీసుకున్నాను. నిజం చెప్పాలి కదా, భక్తితో కాదు. బేరానికి తీసుకున్నాను. అప్పుడు తెనాలి సంబంధం ఒకటి నడుస్తోంది. ఇది కుదిరిస్తే నిన్ను నమ్ముతాను అన్నాను దేవుడితో. సంతలో గేదెను బేరమాడేవాడు కూడా అంత మొండిగా మాట్లాడడు. సంబంధం కుదిరింది. తాంబూలాలు పుచ్చుకున్నాం. ఆ పిల్ల నాతో ఫోన్లో నవ్వుతూ మాట్లాడింది కూడా. తర్వాత ఒక సాయంత్రం వాళ్ళ మేనమామ ఫోన్ చేశాడు. అమ్మాయి పల్లెటూళ్ళో ఉండలేనంటోందండి, ఏమీ అనుకోవద్దండి అన్నాడు. ఏమీ అనుకోవద్దట.

పెరట్లో నీళ్ళ పొయ్యి మండుతోంది. అన్నయ్య పొలం నుంచి వచ్చి స్నానానికి నీళ్ళు కాగబెట్టుకుంటున్నాడు. నేను లోపలికి వెళ్ళాను, ఆ బైబిలు తెచ్చాను, పొయ్యిలో పడేశాను.

మళ్ళీ రాస్తాను. నేను పడేశాను. నా చేత్తో.

అన్నయ్య ముందు అదేంటో చూసుకోలేదు. చూసుకున్నాక వంగి, ఉత్త చెయ్యి మంటలో పెట్టి, బయటికి లాగాడు. కర్రతో లాగొచ్చు. ఆలస్యమవుతుందనుకున్నాడేమో, అసలేమీ అనుకోలేదేమో. కుడి చెయ్యి మణికట్టు దాకా కాలింది. వదిన కేకలు పెట్టి వచ్చింది. అన్నయ్య చెయ్యి బకెట్లో ముంచుకుని, నొప్పికి పళ్ళు బిగబట్టి, నన్ను ఒక్క తిట్టు కూడా తిట్టకుండా, "ఇష్టం లేకపోతే తిరిగిచ్చేసి రావాల్రా. ఒకళ్ళు దణ్ణం పెట్టుకునేదాన్ని పొయ్యిలో పెడతామా?" అన్నాడు.

అన్నయ్యకు క్రీస్తంటే ఏమీ తెలియదు. ఆ తెచ్చిచ్చిన మనిషి తెలుసు. అంతే.

చెయ్యి మానడానికి చాలా రోజులు పట్టింది. మానాక కూడా చర్మం ముడుచుకుపోయి, రెండు వేళ్ళు పూర్తిగా మడవడం రావడం లేదు. ఊళ్ళో అడిగినవాళ్ళకు నీళ్ళ కాగు దించుతూ కాల్చుకున్నానని చెప్పాడు. నా పరువు కాపాడటానికి చెప్పాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ చిన్న అబద్ధమే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది.

ఆ రోజుల్లోనే నేను బైబిలు నిజంగా చదివాను. అన్నయ్య దాన్ని తువ్వాల్లో చుట్టి బీరువా మీద పెట్టాడు. అట్ట మాడిపోయింది, అంచులు బొగ్గయ్యాయి, మధ్యలో అక్షరాలు బాగానే ఉన్నాయి. సిగ్గుతో తీశాను. చదువుతూ పోతే ఒకచోట, సొంత ఊరివాళ్ళే యేసును చూసి, ఇతను ఆ వడ్రంగి కొడుకే కదా అని పెదవి విరిచారని ఉంది. అంటే ఆయన్ను కూడా అబ్బాయి ఏం చేస్తుంటాడని అడిగారన్నమాట! నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో ఏడుపొచ్చింది. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. నన్ను వద్దన్నవాళ్ళందరి మొహాలూ గుర్తొచ్చి, ఆ మొహాల మీద కోపం ఎక్కడికి పోయిందో వెతికినా దొరకలేదు.

దీన్ని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోను. ఆ మధ్యాహ్నం నాకు దొరికింది దొరికింది. దానికి సాక్షులు లేరు, దండలు లేవు, మైకు లేదు. అదొక్కటే నా జీవితంలో కల్తీ లేనిది.

పురుగుమందు తెస్తానని చెప్పి బాపట్ల వెళ్ళి, రేకుల షెడ్డులో నడిచే ఒక చిన్న సంఘంలో వెనక కూర్చున్నాను. నన్నెవరూ ఏం చేస్తుంటావని అడగలేదు. "రండి బ్రదర్, ఇటు గాలొస్తుంది" అని ఒకాయన జరిగి చోటిచ్చాడు. నాకు అంతకంటే ఏం కావాలి? కొన్నాళ్ళకు బాప్తిస్మం తీసుకున్నాను. ఇంట్లో వదిన ఏడ్చింది. మేనత్త వచ్చి శాపనార్థాలు పెట్టింది. అన్నయ్య మాత్రం అందరూ వెళ్ళాక, "ఆదివారం కాలవ నీళ్ళ వంతు నేను చూసుకుంటాలే, నువ్వు పొద్దున్నే వెళ్ళిరా" అన్నాడు. నా మతం మీద ఆయన ఇచ్చిన తీర్పు అదొక్కటే. అది చివరిదాకా మార్చుకోలేదు.

ఇక సాక్ష్యం గురించి. మా సంఘాల్లో సాక్ష్యం అంటే, దేవుడు తనను ఎలా మార్చాడో మనిషి లేచి అందరి ముందు చెప్పడం. కొత్తగా వచ్చినవాళ్ళు తప్పకుండా చెప్పాలి. నేను మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాను. పెళ్ళి కుదరలేదని, దుఃఖపడ్డానని, చదివానని, శాంతి దొరికిందని. బైబిలు కాల్చిన సంగతి సిగ్గేసి వదిలేశాను. నేను చెబుతుండగా ఒకాయన ఆవలించాడు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎవరో "పెళ్ళి కాక వచ్చాడంట" అన్నారు, పక్కనున్నవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నా తర్వాత లేచినతను తాగి తాగి పెళ్ళాన్ని కొట్టి రైలు పట్టాల మీద పడుకున్నవాడు. అతను చెబుతుంటే షెడ్డంతా ఏడ్చింది. ఎంత లోతు గుంటలోంచి లేస్తే అంత గొప్ప సాక్ష్యం. నాది గుంట కూడా కాదు, గతుకు.

అంటే ఇక్కడ కూడా నేను చాలనా? ఆ రోజు బస్సులో నాకు నేను వేసుకున్న ప్రశ్న అదే. దేవుడికి సరిపోయాను కదా, మరి మనుషులకు కూడా సరిపోవాలని ఎందుకంత కడుపుమంట? జవాబు నాకిప్పటికీ తెలియదు. వద్దనిపించుకోవడం అలవాటైనవాడు కావాలనిపించుకోవడానికి ఏ గడ్డయినా కరుస్తాడని మాత్రం తెలుసు.

తర్వాత రేపల్లెలో ఒక కూడిక. నా సంచిలో ఆ కాలిన బైబిలే ఉంది. నా దగ్గరున్నది అదొక్కటే మరి. పాట అయ్యాక పక్కనున్న ముసలాయన దాన్ని చూసి అదిరిపడ్డాడు. "ఏంటి బ్రదర్ ఇది? ఎవరు కాల్చారు?" అన్నాడు.

నేనే అనాలి. రెండక్షరాలు. నోరు తెరిచాను కూడా. కానీ ఆయన కళ్ళలో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి. అవి నా కోసం తిరుగుతున్నాయి. "ఇంట్లో" అన్నాను. "మీవాళ్ళేనా?" అన్నాడు. తల దించుకున్నాను. "నాన్నగారా?" "నాన్న లేరండి." "అన్నగారా?"

తల ఎత్తలేదు.

అంతే జరిగింది. ఒక్క అబద్ధం కూడా నోటితో ఆడకుండా, మెడ వంచి, అన్నయ్యను అమ్మేశాను. కాసేపట్లో వేదిక మీదికి పిలిచారు. మైకు పట్టుకున్నాక మిగతాది దానంతటదే వచ్చింది. అన్నయ్య పొయ్యిలో వేశాడు, నేను చెయ్యి పెట్టి తీశాను అన్నాను. ఎవరో "మీ చెయ్యి కాలలేదా?" అని కేక వేశారు. నా కుడి చెయ్యి ఎత్తి చూపించాను. నున్నగా ఉంది. ఎందుకు కాలుతుంది? "కాల్చినవాడి చెయ్యే కాలింది" అన్నాను. పందిరంతా లేచి నిలబడింది. స్తోత్రం, స్తోత్రం అని అరిచారు. నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. సిగ్గుతో కాదు. ఆ క్షణంలో నాకే అది నిజమనిపించింది.

ఆ తర్వాత నాకు తీరిక లేదు. అడవులదీవి పిలిచింది, తెనాలి పిలిచింది, చిన్న చిన్న పల్లెలు ఎన్నో పిలిచాయి. చెప్పగా చెప్పగా సాక్ష్యం నున్నబడింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు దించాలో, ఎప్పుడు తువ్వాలు విప్పి బైబిలు పైకెత్తాలో నేర్చుకున్నాను. బాపట్లలో విత్తనాల కొట్టులో పనికి కుదిరి, అక్కడే గది తీసుకున్నాను. అన్నయ్య ఎందుకురా అన్నాడు. పొలానికి నువ్వొక్కడివి చాలులే అన్నాను. ఆయన మొహం చూడలేక వెళ్ళానని అప్పుడు ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మాట కాలువ దాటి పేటకు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. తొలకరి నాట్లప్పుడు, నారు పీకి కట్టలు కట్టి మడిలో వేశాక, ఆ ఉదయం ముఠా రాలేదు. అన్నయ్య పేటకు వెళ్ళాడు. మరియమ్మత్త గుమ్మంలో నిలబడే మాట్లాడిందట. "దేవుడి మాటని పొయ్యిలో పెట్టిన చేత్తో నువ్వు నారందిస్తే మేం అందుకోలేం బాబూ. కాగు దించుతూ కాల్చుకున్నానన్నావుగా, ఆ దేవుడే చూసుకున్నాడు నీ చెయ్యి" అంది. అన్నయ్య తన చేతి వంక చూసుకుని, ఏమీ అనకుండా వెనక్కి తిరిగి వచ్చాడట. ఇదంతా వదిన ఫోన్లో చెప్పింది. నిజమేంటో ఆమెకు తెలుసు. తెలిసీ నన్ను ఒక్క మాటా అడగలేదు. అన్నయ్య ఒట్టు పెట్టించుకున్నాడని తర్వాత తెలిసింది.

ఎక్కడో దూరం నుంచి కూలీలను తెచ్చి ఆలస్యంగా నాటించాడు. పంట కోతకొచ్చే వేళకు తుఫానులో పడిపోయింది. మరుసటి ఏడు కూడా ముఠా రాలేదు. పొలం కౌలుకిచ్చేశాడు. పొలంలో దిగని రోజు ఒక్కటి కూడా ఎరగని మనిషి. అప్పటి నుంచి బయటికి వెళ్తే చేతికి కండువా చుట్టుకుంటాడు.

ఇక తెనాలి సంగతి. సభ అయిపోయింది, జనం కదులుతున్నారు. పందిరి బయట టీ బండి దగ్గర అన్నయ్య నిలబడి ఉన్నాడు. ఇంట్లో నీళ్ళ మోటారు బాగు చేయించడానికి తెనాలి వచ్చాడట, మైకులో నా గొంతు వినబడి ఆగాడట. మొత్తం విన్నాడు.

"టీ తాగుతావా?" అన్నాడు.

"అన్నయ్యా..."

"బాగా చెప్పావురా. నిజంగా. ఆ అన్నెవడో గాని, నాకే వాడి మీద మండుకొచ్చింది."

నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకున్నాడు.

"ఎందుకు కాదనలేదు?" అన్నాను. ఎంత సిగ్గులేని ప్రశ్నో చూడండి, తప్పు చేసినవాడే అడుగుతున్నాడు. "పేటలో మరియమ్మత్త అట్టా అన్నప్పుడు ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"చెబితే ఏమైద్ది? నువ్వు అబద్ధాలకోరువని తేలుద్ది. ఇన్ని ఊళ్ళు తిరిగి పెళ్ళిచూపులకి తీసుకెళ్ళాను, అన్నిచోట్లా నిన్ను కాదన్నారు. వీళ్ళొక్కళ్ళే నిన్ను కావాలన్నారు. అది కూడా నేనే పోగొట్టమంటావా?"

టీ బండివాడు నాకూ ఒక గ్లాసు అందించాడు.

"ఊరంతా ఏమన్నా అనుకోనీరా, నేను పడతా" అన్నాడు గ్లాసు కింద పెడుతూ. "మరియమ్మకి మాత్రం నువ్వే చెప్పు. ఆమె వస్తువు ఆమెకి తిరిగిద్దామనే నేను చెయ్యి పెట్టింది. ఆమె నన్ను అట్టా చూస్తుంటే తట్టుకోలేకపోతున్నారా."

"చెబుతాను" అన్నాను.

చెప్పలేదు. ఆ వారం చెప్పలేదు, ఆ ఏడు చెప్పలేదు, ఆ తర్వాతా చెప్పలేదు. ఎన్నిసార్లు పేట దాకా వెళ్ళి, ఆమె ఎదురొచ్చి నా చేతులు పట్టుకుని "నా ఆయన బైబిలు నిన్ను కాపాడింది బాబూ" అంటే, అవునత్తా అని ప్రార్థన చేసి వచ్చానో! అన్నయ్య మళ్ళీ అడగలేదు. అడిగితే బాగుండు, కోపం తెచ్చుకునేవాణ్ణి. ఆయన ఎప్పుడూ నాకు ఆ అవకాశం ఇవ్వలేదు.

ఎందుకు చెప్పలేదు? భయమా? కొంత. పేరు పోతుందనా? చాలా. కానీ వాటన్నిటి కిందా ఇంకొకటుంది, దాన్ని బయటికి లాగడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. అన్నయ్య భరిస్తున్నాడు కదా అనుకున్నాను. భరించేవాణ్ణి చూస్తే మనకు బరువు కనిపించదు. సిలువ గురించి ఊరూరా చెప్పిన నోటితోనే, మా ఇంట్లో ఒక మనిషి చేత నా తప్పు మోయించాను. వాక్యం చెప్పేటప్పుడు ఈ పోలిక ఎన్నిసార్లు నాలుక దాకా వచ్చి ఉంటుంది? మింగేశాను.

ఈ మధ్య పేటలో కొత్త మందిరం కట్టారు. పాత పూరిపాక పోయి, స్లాబు వేసి, తెల్ల రంగు కొట్టి ముచ్చటగా చేసుకున్నారు. ప్రతిష్ఠకు నన్ను పిలవడానికి మరియమ్మత్త తనే బాపట్ల వచ్చింది. గుమ్మం పక్కన అద్దాల పెట్టె చేయించారట. అందులో ఆ కాలిన బైబిలు పెడతారట. కింద ఒక పలక మీద దాని కథ చెక్కిస్తారట. అన్నయ్య పేరుతో సహా. వచ్చే తరాలకు తెలియాలి కదా బాబూ అంది. ఎంత సంతోషంగా అంది!

అన్నయ్య ఇంటి వీధి చివర నుంచి చూస్తే ఆ మందిరం గుమ్మం కనిపిస్తుంది. ఆయన పోయినా, ఆయన పిల్లలు పోయినా, ఆ పలక ఉంటుంది. నా పాపం రాతిలో చెక్కి అన్నయ్య పేరు పెడతారు.

నా సంఘం పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. ఆయన మంచివాడే. "ఆ సాక్ష్యం విని ఎంతమంది మారారో ఆలోచించు బ్రదర్. వాళ్ళ గతేంటి? దేవుడి దగ్గర ఒప్పుకో, చాలు" అన్నారు.

"దేవుడికి ముందే తెలుసండి. ఆయన అక్కడే ఉన్నాడు, పొయ్యి దగ్గర. తెలియనిది మరియమ్మత్తకు" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. నాకు లెక్క లేదు. నా అబద్ధం మీద నిలబడితే తప్ప నిలబడలేని దేవుడైతే, ఆయన నాకు ఆ మధ్యాహ్నం దొరికిన దేవుడు కాదు. నేను ఎరిగినవాడికి నా అబద్ధం అవసరం లేదు. విని మారినవాళ్ళు నా వల్ల మారి ఉంటే వాళ్ళ సంగతి వాళ్ళు చూసుకుంటారు, ఆయన వల్ల మారి ఉంటే వాళ్ళకు ఏమీ కాదు.

ప్రతిష్ఠ రోజు మందిరం కిక్కిరిసి ఉంది. నన్ను సాక్ష్యానికి పిలిచారు. తువ్వాలు విప్పి బైబిలు ఎత్తాను, అలవాటు ప్రకారం. జనం కొంగులు సిద్ధం చేసుకున్నారు. "దీన్ని కాల్చింది మా అన్నయ్య కాదు. నేను" అన్నాను. ముందు ఎవరికీ అర్థం కాలేదు. ఏదో ఆత్మీయంగా అంటున్నాననుకుని ఒకాయన స్తోత్రం అన్నాడు. నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను. తెనాలి ఫోను, నీళ్ళ పొయ్యి, అన్నయ్య చెయ్యి. రేపల్లె దగ్గరికి వచ్చేసరికి మైకు ఆగిపోయింది. ఎవరు ఆపారో చూడలేదు. నా గొంతు నాకుంది. గట్టిగా, మడిలో కూలీలను కేకేసినట్టు, మిగతాది మొత్తం చెప్పాను. కొందరు లేచి వెళ్ళిపోయారు. ఒకతను కూర్చోవయ్యా అని అరిచాడు. కూర్చోలేదు.

మరియమ్మత్త నా దగ్గరికి వచ్చింది. పెద్దావిడ, నడవడం కష్టమవుతోంది, అయినా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

"ఆ బాబే తీశాడా?" అంది.

"అవునత్తా."

"ఉత్త చేత్తోనా?"

"అవును."

నా చేతుల్లోంచి బైబిలు తీసుకుంది. కొంగులో చుట్టుకుంది. "ఇది నాది. నీకిచ్చి తప్పు చేశాను" అంది. ఇక నా వంక చూడలేదు. ఆ జనంలోంచి మెల్లగా బయటికి, కాలువ వంతెన వైపు నడిచింది.

తర్వాత జరిగింది వదిన చెబితే తెలిసింది. మరియమ్మత్త మా ఇంటి వాకిట్లో నిలబడి, అన్నయ్య చెయ్యి పట్టుకుని ఏడ్చిందట. అన్నయ్య కండువా తీసేశాడట. "మీ అన్నయ్యతో మాట్లాడతావా?" అని వదిన అడిగింది. మాట్లాడతానన్నాను. ఫోను చేతులు మారిన చప్పుడైంది, మళ్ళీ వదినే మాట్లాడింది. "ఇప్పుడు కాదులే అబ్బాయ్" అంది. వెనక నుంచి అన్నయ్య గొంతు వినబడింది. "పెట్టెయ్" అన్నాడు. అప్పుడు నోరు మూసుకుని పడింది వేరు, ఇప్పుడు బయటపడ్డాక వచ్చే కోపం వేరు. ఆయన ఎన్నేళ్ళు దాచుకున్నాడో అన్నేళ్ళు నా మీద కోపం ఉంచుకునే హక్కు ఆయనకుంది. బతిమాలను. క్షమించమని మిమ్మల్నీ అడగడం లేదు.

ఇప్పుడు నన్నెవరూ సభలకు పిలవడం లేదు. శాలువాలు గదిలో మూలన పడి ఉన్నాయి. పెళ్ళా? కాలేదు. దాని కోసమే వచ్చాడని నవ్వేవాళ్ళు ఇంకా నవ్వుకోవచ్చు. బాపట్ల సంఘానికి మాత్రం వెళ్తూనే ఉన్నాను. రావద్దని ఒకరిద్దరు సూచనగా అన్నారు. వస్తాను అన్నాను. ఇది నా తండ్రి ఇల్లు, నన్ను గెంటడానికి ఎవరికీ తాళాలివ్వలేదు.

ఒక్క సంగతి ఇంకా చెప్పలేదు. అన్నిటికంటే నీచమైనది అదే, అందుకే చివరికి వచ్చింది. ఇన్నేళ్ళుగా మా సంఘంలో ప్రతి ఆదివారం ప్రార్థనలో, బ్రదర్ వాళ్ళ కఠిన హృదయం గల అన్నగారిని మార్చు ప్రభువా అని వేడుకునేవాళ్ళు. ఊళ్ళో ఆయన చెయ్యి కండువాలో ఉండగా, నేనిక్కడ కళ్ళు మూసుకుని ఆమెన్ అనేవాణ్ణి. ఒక్క వారం కూడా మానలేదు.

మొన్న ఆదివారం కూడా సంఘ పెద్ద, అలవాటుగానో కావాలనో తెలియదు, అదే ప్రార్థన మళ్ళీ చేశారు. అందరూ ఆమెన్ అన్నారు.

నేను అనలేదు.